నాగూరులో అక్క నిలిచిన చోటు

మా మనవరాలు మొన్న ఆదివారం నా మంచం పక్కన కూర్చుని, ఒక్క పగటిలో కావేరిపూంపట్టణం, తరంగంబాడి, నాగూరు, నాగపట్నం అన్నీ చూపించే బస్సు ఒకటి ఉందనీ, నాకు కూడా సీటు రాయించాననీ ముచ్చటగా చెప్పినప్పుడు, మోకాళ్ల నొప్పి సాకు చెప్పి తప్పించుకున్నాను. నొప్పి ఉన్నమాట నిజమే, నా ఈడువాళ్లకు వేరే చెప్పాలా. కాని నేను పోకపోవడానికి కారణం అది కాదు. ఆ ఊళ్లన్నీ అదే వరుసలో, ఒకే పగటిలో నేను ఒకసారి చూసి వచ్చాను. పోయినప్పుడు అయిదుగురం, మళ్లీ ఇల్లు చేరినప్పుడు నలుగురం.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. పుట్టిల్లు పళ్లిపట్టి దగ్గర, బావి కింద వరి పండించే సేద్యగాళ్ల ఇల్లు. మెట్టినిల్లు పెన్నాగరం వైపు, అడవి అంచున పశువుల మందలు మేపుకునేవాళ్ల ఇల్లు. రెండిళ్లలోనూ తెలుగే, గడప దాటితే రెండు చోట్లా అరవమే, కనుక అంతా ఒకటే అనుకుని మావాళ్లు సంబంధం కలుపుకున్నారు. ఒకటి కాదని సంగటి ముద్ద దగ్గరనుంచీ నాకు తెలుస్తూనే వచ్చింది గాని, తెలియవలసిన ఒక్క సంగతి మాత్రం వేళకు తెలియలేదు.

మా బావ, అంటే మా ఆయనకు అన్న, యుద్ధం ముదరకముందే నాగపట్నంలో ఓడెక్కి పెనాంగు రబ్బరు తోటల్లో పనికి పోయాడు. జపానువాళ్లు అక్కడికి వచ్చాక ఉత్తరాలు ఆగిపోయాయి. యుద్ధం ముగిసి చుట్టుపక్కల ఊళ్లకు ఒకరిద్దరు తిరిగివచ్చినా ఆయన జాడ తెలియలేదు. ఆయన భార్య నా తోడికోడలు. నేను అక్కా అని పిలిచేదాన్ని. నేను మాడ్చిన కూరను తానే మాడ్చానని అత్తతో చెప్పి తిట్లు తినేది, నా తల దువ్వి జడ వేసేది. ఆమె రోజూ పసుపు రాసుకుని ఇంత బొట్టు పెట్టుకుని నీళ్లకు పోతుంటే వీధిలో ఆడవాళ్లు చూపు తిప్పుకునేవారు. ఇంట్లో ఎవరూ ఆ ఊసే ఎత్తేవారు కాదు, అదే నాకు మరీ భయంగా ఉండేది.

అలాంటి రోజుల్లో మా మామ ఉన్నట్టుండి సముద్రం చూసివద్దాం అన్నాడు. బయల్దేరే పొద్దున అత్త ఒక కొత్త తెల్లగుడ్డ మడిచి మూటలో పెడుతూ, "వాడు ఓడెక్కినచోట మన్ను తీసుకోవల్ల, మరిచిపోవద్దు" అని మామతో మెల్లగా అంటుంటే విన్నాను. మా పెదనాన్న దూరదేశంలో పోయినప్పుడు, ఆయన కడపట నిలిచిన చోటి మన్ను తెచ్చి, బొమ్మ చేసి దహనం చేశారు. ఆ సాయంత్రమే మా పెద్దమ్మ తాళి తీసేశారు. సముద్రం చూడడమంటే ఇదన్నమాట అనుకున్నాను. అక్కతో చెప్పాలా వద్దా అని దారి పొడుగునా నలిగిపోయాను.

మా ధర్మపురి చిన్న రైలు పట్టాలను యుద్ధకాలంలో పెరికేశారు గనుక మొరప్పూరు దాకా బస్సులో పోయి, అక్కడ రైలెక్కి, ఎక్కడెక్కడో మారి తెల్లవారేసరికి మాయవరంలో దిగాము. అక్కడ మామ తెలుగు వచ్చిన ఒక పెద్దాయనను ఊళ్లు చూపించడానికి కుదుర్చుకున్నాడు. తంజావూరు తెలుగు ఆయనది, పాడినట్టు మాట్లాడేవాడు. కాని ఆయన చూపించినవన్నీ లేనివే. కావేరి సముద్రంలో కలిసేచోట నిలబెట్టి, ఈ నీళ్లకింద ఒక మహానగరం ఉంది, గాలి పడిపోయిన రోజున జాలరులకు గంటలు వినిపిస్తాయి అన్నాడు. మా పెన్నాగరం పక్కన రాళ్లమీద అంత అరుచుకుంటూ దూకే కావేరి అక్కడ మూలుగైనా లేకుండా ఇసుకలో ఇంకిపోతూ కనిపించింది. తరంగంబాడిలో అలలు సగం తినేసిన గుడి చూపించి, మిగిలిన సగం మన మనవల కాలానికి ఉండదని నిశ్చింతగా చెప్పాడు. అక్క మాత్రం ప్రతిచోటా సముద్రంవైపే చూస్తూ, ఓడ కనిపిస్తే అది ఎక్కడినుంచి వస్తున్నదని ఆయనను అడిగేది.

మధ్యాహ్నం దాటాక నాగూరు దర్గా చేరాము. ఓడల్లో పోయినవాళ్లు క్షేమంగా తిరిగిరావాలని అక్కడ రేకు పడవలు సమర్పిస్తారు, హిందువులు కూడా. అక్క అంగడిలో చిన్నవన్నీ పక్కకు నెట్టి, మీ బావ పొడుగు మనిషి, ఇందులో కాళ్లు చాపుకోలేడు అని నవ్వుతూ అన్నిటికన్నా పెద్దది కొన్నది. ఆ నవ్వు చూశాక నేను ఓర్చుకోలేకపోయాను. లోపల పడవ సమర్పించి వచ్చాక, పడమటి గోడ నీడలో పావురాలకు గింజలు చల్లేచోట ఆమెను ఆపి, మన్ను సంగతి, బొమ్మ సంగతి, తాళి సంగతి అంతా చెప్పేశాను.

"ఎవురు చెప్పినారు నీకు?" అన్నది.

"నా చెవులతో విన్నాను అక్కా."

చేతిలోని గింజలన్నీ పావురాలకు చల్లేసింది. "ఆయన ఉండాడు" అన్నది. తర్వాత నా జడ సరిచేసి, "నువ్వు పో, నేను ఇంకొక చుట్టు చుట్టి వస్తా" అని గుంపులోకి నడిచింది. ఆమెను నేను చూడడం అదే ఆఖరు.

మామా మా ఆయనా దర్గా అంతా వెతుకుతుంటే, ఒకవేళ ముందుగా రేవుకు పోయిందేమోనని అత్త నన్నూ ఆ పెద్దాయననూ వెంటబెట్టుకుని జట్కాలో నాగపట్నం వచ్చింది. అక్కడా లేదు. అత్త ఓడ ఎక్కేవాళ్లు నిలబడే చోటు ఏదని పెద్దాయనను అడిగి, మోకాళ్లమీద కూర్చుని పిడికెడు ఇసుక ఆ తెల్లగుడ్డ కొంగున కట్టి, సముద్రంవైపు తిరిగి, పొద్దుగూకినా ఇల్లు చేరని ఆవును పిలిచే గొంతుతో కొడుకును పేరుపెట్టి మూడుసార్లు పిలిచింది. పోయినవాడిని ఎవరూ అలా పిలవరు. ఆమె లేచి ఇసుక దులుపుకుని నా మొహం చూసి, "ఏం, మీ ఇంట్లో చేయరా? ఆవు దారి తప్పితే అది కడేసిగా నిలిచిన చోట మన్ను తెచ్చి దొడ్డి గుంజకు కడితే వస్తుంది. మనిసికీ అంతే" అన్నది. మళ్లీ గుడ్డ రెండో కొంగు విప్పి పట్టుకుని, "దాన్ని కడేసిగా చూసింది నువ్వే గదా. యాడ నిలిచిందో చూపీ, దానికీ కట్టుకుందాము" అన్నది.

మళ్లీ నాగూరు వచ్చాము. ఆ పడమటి గోడ దగ్గరికి తీసుకుపోతే అక్కడ ఏం మాట్లాడుకున్నారని అడుగుతుందేమోనని భయం వేసింది. పదహారేళ్ల పిల్లను, కొత్త కోడలిని. పడవలు అమ్మే అంగడి ముందు నిలబడి, ఇక్కడే అని వేలు చూపించాను. అత్త అక్కడి మన్ను తీసి కళ్లకద్దుకుని కట్టుకున్నది.

మగవాళ్లు మూడు రోజులు వెతికి రైలెక్కించారు. ఆ గుడ్డ దొడ్డి గుంజకు కట్టి ఆరు నెలలు కాకముందే, ఒక సాయంత్రం బావ ఎముకల గూడుగా ఇల్లు చేరి, అక్కను పేరుపెట్టి పిలుస్తూ లోపలికి వచ్చాడు. ఆ పిలుపు ఇవాళ్టికీ అప్పుడప్పుడు నాకు వినిపిస్తుంది. వింటే అన్నం సయించదు. నీతో ఏమైనా చెప్పిందా అని ఆయన నన్ను ఒక్కసారే అడిగాడు. తల అడ్డంగా ఊపాను. బావ మళ్లీ పెళ్లి చేసుకోలేదు, కాళ్లు నడిచినన్ని ఏళ్లు నాగూరు పోయి వచ్చేవాడు. వాడు వచ్చాడంటే మన్ను పనిచేసినట్టే గదా, అది కూడా వస్తుంది అని అత్త పోయేదాకా అంటూనే ఉన్నది. నేను తల వంచుకుని వినేదాన్ని.

ఇప్పుడు మనిషి ఎక్కడ ఉన్నాడో ఫోనులో చుక్క కనిపిస్తుందట; మా మనవరాలు కాలేజీనుంచి గంట ఆలస్యమైతే మా కోడలు ఆ చుక్కను చూసి ఊరుకుంటుంది. మా కాలంలో ఒకరి జాడ ఇంకొకరి నోట్లో ఉండేది, ఆ నోరు భయపడితే అంతే. అత్త లేదు, బావ లేడు, మా ఆయనా పోయి పదేళ్లు దాటింది. అక్క నిలిచిన చోటు ఇవాళ కళ్లు మూసుకుని చూపించగలను, చూపించమని అడిగేవాళ్లే లేరు.