టైపక్క చూడకుండ కొట్టిన అర్జీ

కంప్యూటరున్న అర్రలకు చెప్పులిడిచి పోయిన రోజులవి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబులల్లకొస్తున్నయి. గద్వాలల జిరాక్స్ దుకాణం నడిపే చాచా (నాకు సొంత చాచా గాదు, ఊరందరికీ చాచానే) ఒక కంప్యూటర్ కొన్నడు. చాచీ దానికి పూలపూల గుడ్డతోని గలీబు కుట్టింది. పొద్దున ఆ గలీబు తీసుడు, పొద్దుగూకినంక కప్పుడు నా డ్యూటీ. మాది బిజినేపల్లి. వనపర్తిల కంప్యూటర్ కోర్సు చేసిన సర్టిఫికెట్ పట్టుకొని పోతే చాచా దాన్ని తిప్పి మల్పి చూసి, "మిషన్ ఖరాబ్ చెయ్యవు గద బేటా?" అన్నడు. "నాకు అంతా తెల్సు చాచా" అన్న. ఎంత తెల్సో మీరే చూస్తరు.

దుకాణంల అసలు పని టైపక్కది. రాజోలి ఆడపడుచు, పెండ్లయి గద్వాలకొచ్చింది. టైపు ఇన్‌స్టిట్యూట్‌ల చేతుల మీద తువ్వాల కప్పి నేర్పించిండ్రంట ఆమెకు. మీటల దిక్కు చూడదు, తెర దిక్కు అంతకన్న చూడదు. రోడ్డు మీద పోయే కూరగాయలామెతోని బెండకాయలు బేరం చేసుకుంటనే ఒక పేజీ కొట్టి అవతల పడేస్తది. నేను నోరు తెరుసుకొని చూస్తుంటే, "ఏం చూస్తవు తమ్మీ, గిసొంటి వేళ్లు పాలమూరు జిల్లాల ఇంకొకరికి లేవు" అనేది. గొప్పలు చెప్పుకునుడు ఆమెకు అలవాటే. గని, ఏం జేస్తం, ఆమె చెప్పిన గొప్పలన్నీ నిజాలే!

ఒక్కటే తక్లీఫు. మా మానిటర్ వణుకుతుండె. కొట్టినంక తప్పులు దిద్దేటందుకు అక్క తెర చూడాల్సి వచ్చేది. చూసిందంటే తలనొప్పే. నెత్తికి రుమాలు గట్టుకొని, "చలిజరం వచ్చినట్టు వణుకుతున్నయిరా అక్షరాలు" అని కండ్లు నలుసుకునేది. దానికి మందు నాకు తెల్సు! తెర మీది బొమ్మను మిషను సెకండుకు ఇన్నిసార్లని కొత్తగ గీస్తుంటది, దాన్నే రిఫ్రెష్ రేట్ అంటరు, అది తక్కువుంటే తెర వణుకుతదని వనపర్తిల సారు చెప్పిండు. ఎక్కువ చేస్తే ఎంతవరకు పోవాలె అన్నది చెప్పిన దినం మాత్రం నేను క్లాసుకు పోలె.

ఒకరోజు అక్క తన సొంత అర్జీ కొట్టుకుంటున్నది. సర్కారు ఆఫీసుల టైపిస్టు నౌకరి. ఆ దినమే ఆఖరు. సాయంత్రంలోపల పాలమూరుల ఇయ్యాలె, మధ్యాహ్నం బస్సు దొరకకుంటే అంతే సంగతులు. వయసు దాటిపోతున్నది, ఇగ ఇంకోసారి పెట్టుకునే వీలు లేదు. అర్జీ సగం కొట్టి, నాలుగు ముద్దలు తిని వస్తనని ఇంటికి పోయింది. ఆమె వచ్చేలోపల తెర వణుకుడు ఆపి ఖుషీ చేద్దామని నాకు బుద్ధి పుట్టింది. సెట్టింగులు తెరిచిన. అరవై ఉండె. కింద పెద్ద పెద్ద నంబర్లున్నయి. పెద్దదైతే ఇంకా మంచిది గద అని అన్నిట్లకన్న కిందిదాని మీద నొక్కిన.

తెర నల్లగయింది. నడుమ చిన్న డబ్బాల 'అవుట్ ఆఫ్ రేంజ్' అని ఇంగ్లీషుల పడ్డది. చేతికి దొరికిన మీటనల్ల కొట్టిన. చాచా వచ్చి, "ఏందిరా, లోపల లైటు బుగ్గ మాడిందా? ఒకసారి బందు చేసి చాలూ చెయ్" అని స్విచ్చు మీద చెయ్యి పెట్టిండు.

"ముట్టకు చాచా!" గుమ్మంల టైపక్క. సంగతంత అర్థమయింది ఆమెకు. తిడితే బాగుండు, తిట్టలే. "నా అర్జీ లోపల్నే ఉన్నది గద తమ్మీ?" అన్నది. "ఉన్నదక్కా, గని కనిపిస్తలేదు" అన్న, ఏడుపు ఆపుకుంట. "కనిపియ్యాలని ఎవరన్నరు?" అని కుర్చీ గుంజుకొని కూసుంది.

ముందు సేవ్ చేసే మీటలు కొట్టింది, ఎన్కనే ప్రింటు మీటలు. మా పాత ప్రింటర్ కరకరమనుకుంట కాయితం బయటికి నూకింది. సగం అర్జీ బంగారమసొంటిది. దాని తోకకు నేను భయంతోని కొట్టిన పిచ్చి అక్షరాలు! అక్క వాటిని పెన్సిలుతోని లెక్కవెట్టి, అన్నిసార్లు చెరిపే మీట కొట్టి, మళ్ల ప్రింటు తీసింది. ఒక అక్షరం ఎక్కువ పోయింది. దాన్ని మళ్ల కొట్టింది. "కాయితమే మన తెర" అన్నది. మిగిలిన సగం ఆ నల్లటి తెర ముందర కూసోని, రోడ్డు దిక్కు చూసుకుంట కొట్టేసింది. "కాయితాలు, అల్లా, నా కాయితాలు" అని చాచా మొత్తుకుంటనే ఒక్కో కాయితం తనే అందిస్తుండె. ఆఖరు కాయితంల ఒక్క తప్పు లేదు. చాచా దాన్ని కండ్లకద్దుకొని, స్కూటర్ మీద అక్కను బస్టాండుకు తీసుకపోయిండు. అప్పటికే కదులుతున్న బస్సును హారన్ కొట్టి ఆపిండంట.

అక్కకు నౌకరి వచ్చింది. నాగర్‌కర్నూలుకు పోయింది. దుకాణం బోసిపోయింది.

మిషనుదేముంది, తెల్లారి మెకానిక్ వచ్చి సేఫ్ మోడ్‌ల లేపి, నంబరు దించి, చాయ్ చల్లారకముందే ఠీక్ చేసిండు. పోయేటప్పుడు ఒక మాట చెప్పిండు. నంబరు మార్చినంక మిషను 'ఇది ఉంచాల్నా?' అని అడుగుతదంట. పదిహేను సెకండ్లు మనం ఊకుంటే తనంతట తనే పాత నంబరుకు పోతదంట. అంటే చీకట్ల అది నన్ను అడుగుతనే ఉండె. నేను చేతికొచ్చిన మీటలన్నీ కొట్టి 'ఉంచు, ఉంచు' అన్న!

ఈ ముచ్చట మొన్న నాగర్‌కర్నూల్ల అక్క ఇంటికి పోయినప్పుడు చెప్పిన. రిటైరయింది, కండ్లద్దాలు మందమైనయి, గొప్పలు మాత్రం తగ్గలే. "పదిహేను సెకండ్లు చేతులు గట్టుకొని కూసుంటే అయిపోతుండె అక్కా, నిన్ను అంత పరేషాన్ చేసిన" అన్న. పడి పడి నవ్వి, కండ్లద్దాలు తీసి తుడుసుకుంట అన్నది: "చేతులు గట్టుకొని కూసునేటోనివైతే నా తలనొప్పి గురించి నీకెందుకురా?"

ఇన్నేండ్లు అప్పటి నన్ను, మీటలు కొట్టిన ఆ పోరన్ని, లోలోపల తిట్టుకుంట ఉంటి. అక్క అట్లన్న కాడికెల్లి బందు వెట్టిన.