బాతుల కోసం తెచ్చిన లాబ్రడార్

కొండకర్ల ఆవ అనే పెద్ద మంచినీటి సరస్సుకు దగ్గర్లో మాకు పొలం ఉంది. కోతలయ్యాక అందులో బాతుల్ని మేపుతాను. సాయంత్రం నాలుగైదు బాతులు ఇంటికి రాకుండా ఆవలోకి దిగి తుంగలో దాక్కునేవి. మోకాలి లోతు బురదలో వాటి వెంట పడలేక నీరసం వచ్చేది. ఆవలో పక్షుల వేట నిషేధం. మాకు కావలసింది వేటకుక్క కాదు, సొంత బాతుల్ని పట్టుకొచ్చే కుక్క.

"లాబ్రడార్ అయితే కొరక్కుండా నోట పట్టుకొత్తాది బావా," అన్నాడు మా చెల్లెలి భర్త. నేనూ అతన్ని బావా అనే పిలుస్తాను.

ఎలమంచిలిలో ఒకరింట్లో కుక్కపిల్లలున్నాయంటే ఇద్దరం వెళ్లాం. బావ బాతు ఈకలు కట్టిన పాత సాక్సు విసిరాడు. నాలుగు పిల్లలు దాన్ని పీలికలు చేశాయి. లావుగా ఉన్న ఐదోది మిగిలిన ముక్కను మెల్లగా తెచ్చి నా చెప్పు మీద పెట్టి, అక్కడే నిద్రపోయింది.

"ఇదే తీసుకో. నోరు మెత్తన."

"నిద్ర కూడా ఎక్కువే లాగుంది," అన్నాను.

ఏడాదిపాటు ఏది విసిరినా తెచ్చింది గానీ నీళ్లలోకి దిగలేదు. బాతులు ముక్కుతో పొడిస్తే వచ్చి నా వెనక నక్కేది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆవలోకి దూకి బాతును పట్టుకొచ్చింది. ఒక్క ఈక కూడా రాలలేదు. బావ ఫొటో తీశాడు. మర్నాడు ఇంకో రెండు తెచ్చింది.

మూడోనాడు పక్క పొలం ఆవిడ వచ్చింది.

"నా బాతుల్ని మీ కుక్క మీ ఇంటికి సేరేత్తంది. ఏటి నేర్పేరు దీనికి?"

"మావే అనుకున్నానమ్మా."

"మీవి తెల్లవి. నావి మచ్చలవి. సూసుకోలేదేటి?"

ఫొటోలో మచ్చలు స్పష్టంగా ఉన్నాయి. సంతోషంలో చూడలేదు.

సిగ్గుపడి వాటిని చంకన పెట్టుకెళ్లి ఆవిడ గట్టు దగ్గర నీళ్లలో వదిలాను. నేను ఇల్లు చేరేలోపు కుక్క మళ్లీ తెచ్చేసింది. అప్పుడర్థమైంది. ఆవిడ రోజూ బాతుల్ని ఒక్కొక్కటే నీళ్లలోకి విసిరి వదులుతుంది. మనిషి చేతిలోంచి పడింది తేవాలనే కదా మేం నేర్పింది. మావి వాటంతటవే నడిచిపోతాయి, అందుకని అవి దాని లెక్కలోకి రావు.

ఇప్పుడు పొద్దున్నే ఒక్కో బాతునూ కుక్కకు చూపించి నీళ్లలోకి విసురుతున్నాను. సాయంత్రం ఈలవేస్తే అన్నీ తెస్తోంది. పక్క పొలం ఆవిడ మాత్రం తన బాతుల్ని కుక్క చూడకుండా చెరకు తోట వెనక నుంచి తోలుకెళుతోంది.