ఆమని చెప్పని పేరు

లాల్‌గడి మలక్‌పేట్ సర్కారు బడిలో రోజారాణి టీచరు పదకొండేళ్లుగా పని చేస్తోంది. లెక్కలు చెబుతుంది, సైన్సు చెబుతుంది, పిల్లల తలల్లో పేలు కనిపిస్తే తల్లుల్ని పిలిపించి మరీ చీవాట్లు పెడుతుంది. కానీ ఊళ్లో ఆమెకు పేరు తెచ్చింది శనివారం చివరి పీరియడు. ఆ గంటలో పుస్తకం తెరవరు. ఎవరికి ఏం లేదో, మన దగ్గర ఏం మిగిలిందో మాట్లాడుకుంటారు. తర్వాత పిల్లలే వెళ్లి, ఎవరూ చూడకుండా గడప ముందు పెట్టి వస్తారు.

దానికి ఆమె పెట్టిన షరతు ఒకటే. ఎవరికి ఇచ్చారో నోరు విప్పకూడదు. ఇంట్లో చెప్పకూడదు, తనకు కూడా చెప్పకూడదు.

ఆ షరతు వెనక ఒక పాత మంట ఉంది. ఆమె సూరారంలో మూడో తరగతి చదివేటప్పుడు ఎవరో పెద్దమనిషి బడిలో చెప్పులు పంచాడు. మైకులో పేరు పిలిచి, స్టేజీ ఎక్కించి, ఆ ఒట్టి కాళ్లు అందరికీ కనబడేలా ఫొటో తీయించి మరీ ఇచ్చాడు. ఆ చెప్పులు ఆమె ఒక్కరోజు కూడా తొడుక్కోలేదు. దానం చేసేవాళ్లకు ఈ ఫొటోల పిచ్చి ఏమిటో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు, అర్థం చేసుకోవాలనీ లేదు.

పిల్లలు మాట నిలబెట్టుకుంటున్నారా అని కిందటి నెల ఒక పరీక్ష పెట్టింది. ఒక్కొక్కరినీ పిలిచి, బతిమాలి, బెదిరించి, లేని కష్టాలు చెప్పి, కళ్లనీళ్లు కూడా పెట్టుకుని అడిగింది. ఏడుగురు చెప్పేశారు. ఐదో తరగతి ఆమని మాత్రం పెదవి కదపలేదు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజు రోజారాణి గర్వంతో ఇంటికి వెళ్లింది.

ఈ సోమవారం మూడో పీరియడు నడుస్తుండగా ఆమని వాళ్ల నాయిన బాలేష్ క్లాసు గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. దగ్గర్లో మందుల కంపెనీలో కూలి. డ్యూటీ బట్టల మీదే వచ్చాడు.

“మేడం, మా ఆమని నిన్న ఇంట్లకెల్లి నీలం డ్రమ్ము దీస్కపోయి ఎవరికో ఇచ్చిందంట.”

“మంచిదే గద బాలేష్.”

“మంచిది గాదు మేడం. కంపెనీల ఖాళీ డ్రమ్ములు రెండు తెచ్చిన. ఒకటి మంచిగ కడిగిచ్చింది, నీళ్లకు. ఇంకోటి కడగంది, స్క్రాపుకు ఏద్దామని పక్కకు వెట్టిన. పిల్ల కడగంది వట్టుకపోయింది.”

“ఏముండె దాంట్ల?”

“పేరు తెల్వదు. గ్లౌజులు లేకుంటే మమ్మల్ని ముట్టనియ్యరు.”

రోజారాణి చేతిలోని పుస్తకం మూసి గుమ్మం దాటి వచ్చింది. కంపెనీల వైపు నుంచి గాలి వీస్తోంది, దాంతోపాటే ఆ ఘాటు వాసన. ఊరికి అది ఏనాడో అలవాటైపోయింది. డ్రమ్ములోంచి వాసన వచ్చినా ఎవరూ పట్టించుకోరు. బాలేష్‌ను ఇల్లిల్లూ తిరిగి చూడమని పంపి, ఆమనిని వరండాలోకి పిలిచింది.

“డ్రమ్ము ఎవరికిచ్చినవ్ బిడ్డా?”

ఆమని మేడం ముఖంలోకి చూసి ముసిముసిగా నవ్వింది. “నేను జెప్ప మేడం.”

“ఇది పరీక్ష గాదు. దాంట్ల విషముంది. ఆ నీళ్లు తాగితే సచ్చిపోతరు.”

“పోయినసారి గూడ గిట్లనే అన్నరు. మీ అమ్మకు పానం బాగలేదన్నరు.”

రోజారాణి పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. ఏడుపు ఆగలేదు. ఆమని ఆ కన్నీళ్లను శ్రద్ధగా చూసింది. కిందటి నెలా అచ్చం ఇలాగే కారాయి. రోజారాణి తిట్టింది, ఒట్టు వేసింది, దండం కూడా పెట్టింది. మేడం ఎంత బతిమాలితే పిల్ల అంత గట్టిగా బిగుసుకుంది. ఇంత బాగా ఎందుకు నేర్పానురా దేవుడా అనుకుంది రోజారాణి.

అన్నం గంట మోగింది.

“ఈసారి గూడ నేనే గెలిచిన గద మేడం?” అంటూ ఆమని ప్లేటు తీసుకుని వంట షెడ్డు వైపు పరుగెత్తింది.

వెనకే వెళ్లిన రోజారాణి షెడ్డు ముందు ఆగిపోయింది. బడిలో వంట చేసే ముత్తమ్మకు మోకాళ్లు అరిగాయి. అయినా రోజూ బోరింగు నుంచి బకెట్టు బకెట్టుగా నీళ్లు మోసుకొస్తుంది. ఇవాళ పొయ్యి పక్కన, చెక్క మూత కింద, నీళ్లు నింపిన నీలం డ్రమ్ము ఉంది.

“ఎవ్వరు తినొద్దు,” అని అరిచి రోజారాణి పప్పు గిన్నెను కాలితో తన్నింది. వేడి పప్పు పాదం మీద పడ్డా ఆమెకు తెలియలేదు. అన్నం గిన్నెనూ మట్టిలోకి దొర్లించింది. వరసలో ఉన్న ప్లేట్లన్నీ చూసింది. అన్నీ ఖాళీగానే ఉన్నాయి. అప్పటికి గాని ఊపిరి అందలేదు.

అప్పుడు ముత్తమ్మ కనిపించింది. గోడకు ఆనుకుని కూర్చుని కొంగుతో చెమట తుడుచుకుంటోంది. పిల్లలకు వడ్డించేముందు రుచి చూడటం ఆమె రోజూ చేసే పని. ఇవాళ పప్పు ఎందుకో చేదనిపించి మూడుసార్లు చూసింది.

రోజారాణి ఫోను తీసి 108 నొక్కింది.

“పప్పంత పారబోస్తిరేంది మేడం,” అంది ముత్తమ్మ మెల్లగా. “జర కడుపుల తిప్పుతాంది గంతే. ఇయ్యాల నీళ్లు మోసుడు తప్పింది నాకు. ఎవరు నింపి వెట్టిపోయిండ్రో, వాళ్ల కడుపు సల్లగుండ.”

ఆ మాట విని కూడా ఆమని అది తానేనని చెప్పలేదు. ఖాళీ ప్లేటు పట్టుకుని, మేడం నేర్పినట్టే పెదవులు బిగించి నిలబడింది.