తాళాల ఊళ్లో ఇద్దరు

పోయిన ఏడాది మా పెదనాన్న కూతురు బర్మింగ్‌హామ్ దగ్గర ఇల్లు కొనుక్కుంది. గృహప్రవేశానికి కారును ఫెర్రీ ఎక్కించి వెళ్దామనుకున్నాం. డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో మా పక్కింటావిడకు మాటల్లో ఆ సంగతి చెప్పాను. ఎనభై దాటిన ఐరిష్ మనిషి, ఒక్కతే ఉంటుంది.

"బండిలో ఇంకో సీటుందా?" అంది. "పద్దెనిమిదేళ్లప్పుడు ఆ పక్కనే పనిచేశాను. పెళ్లికని ఇంటికొచ్చాక మళ్లీ వెళ్లనే లేదు."

దారంతా ఆవిడే చెప్పింది. ఆ ప్రాంతాన్ని బ్లాక్ కంట్రీ అంటారు. బొగ్గు, ఇనుము, పొగ. ఒక ఊళ్లో గొలుసులు చేసేవారట, ఇంకో ఊళ్లో గుర్రపు జీన్లు, ఆవిడ ఉన్న ఊళ్లో తాళాలు. "బస్సులో చేతులు చూస్తే చాలు, ఎవరిది ఏ ఊరో తెలిసిపోయేది" అంది. మాది సిరిసిల్ల. మరమగ్గాల చప్పుడులో పెరిగినదాన్ని. ఆ మాట నాకు విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

గృహప్రవేశం మర్నాడు నేనూ ఆవిడా ఆ ఊరికి వెళ్లాం. ఫ్యాక్టరీ ఉండాల్సిన చోట కొత్త ఇళ్లు లేచాయి. ఆవిడ కారు దిగి రోడ్డు ఆ చివరి దాకా నడిచి, తిరిగొచ్చింది.

"ఒక్క గోడైనా ఉంచలేదు" అంది మెల్లగా.

అప్పట్లో ఆవిడ అద్దెకున్న ఇల్లయినా చూపిద్దామని, వీధి పేరు అడిగి తీసుకెళ్లాను. అది మాత్రం ఉంది, ఎర్ర ఇటుకల వరసలో. ముందు సల్వార్ కమీజ్‌లో ఒక పెద్దావిడ పుదీనా కోస్తోంది. ఎవరు కావాలని పంజాబీ యాస ఇంగ్లీషులో అడిగింది. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. హైదరాబాద్‌లో చదువుకున్నప్పటి హిందీలో విషయం చెప్పాను.

"తాళాల ఫ్యాక్టరీనా? నేనూ అందులోనే చేశాను బేటీ, మూసేసేదాకా" అంది.

ఇది నేను ఇంగ్లీషులో చెప్పడం పూర్తి కాకుండానే మా పక్కింటావిడ ఎడమచేత్తో గాల్లోనే మిషన్‌లో రేకు పెట్టినట్టు పెట్టి, కుడిచేత్తో పిడి లాగినట్టు లాగింది. పంజాబీ ఆవిడ పుదీనా కట్ట గోడమీద పెట్టేసి అదే పని చేసి చూపించింది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. పక్కింటావిడ కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"ఆంటీ, మేము బయల్దేరాలి" అన్నా పంజాబీ ఆవిడ వినలేదు. లోపలికి పిలిచి పరాఠాలు పెట్టింది. కిటికీ పక్కన మంచం ఎటువైపు ఉండేదో మా పక్కింటావిడ చూపించింది. కిటికీలోంచి కనిపించే ఫ్యాక్టరీ చిమ్నీని కూల్చిన రోజు వీధంతా ఎలా బయటికొచ్చి నిలబడిందో ఆంటీ చెప్పింది. నేను అటు మాటలు ఇటు, ఇటు మాటలు అటు చెబుతూ కూర్చున్నాను. చీకటి పడబోతుండగా బయటపడ్డాం.

తర్వాత వాళ్లిద్దరి మధ్య వీడియో కాల్స్ మొదలయ్యాయి. మొదట్లో ప్రతి ఆదివారం ఒకరి మాట ఇంకొకరికి చెప్పడానికి నన్ను పిలిచేవారు. తర్వాత కాల్స్ సాగుతూనే ఉన్నా నన్ను పిలవడం తగ్గింది.

ఈ వేసవిలో ఆంటీ మనవరాలితో డబ్లిన్ వచ్చి వారం రోజులు పక్కింట్లోనే ఉంది. శుక్రవారం సెలవు పెట్టి ఇద్దరినీ సముద్రం దగ్గరికి తీసుకెళ్తానన్నాను.

"మాకేం, గ్రాండ్‌గా ఉన్నాం. నువ్వు పనికి వెళ్లు" అంది పక్కింటావిడ. గ్రాండ్ అంటే ఇక్కడివాళ్ల మాటలో బాగానే అని.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి పక్కింటి తలుపు తాళం వేసి ఉంది. ఫోన్ చేసి అడిగితే ఆంటీ మనవరాలు చెప్పింది, ఇద్దరూ పొద్దున్నే లువాస్ ట్రామ్ ఎక్కి ఊళ్లోకి వెళ్లారని, తనను కూడా రావద్దన్నారని.