జెబెల్ షమ్స్ మంచు... నిజ్వా దగ్గర మిరపకాయ బజ్జీలు

మా చిన్నప్పుడు... డిసెంబరులో ఒక శుక్రవారం పొద్దున, మస్కట్ నగరంలో వాడి కబీర్‌లోని మా ఫ్లాట్‌లో నాన్న కంప్యూటర్ ముందు, ఖాదర్ మామ టెలిఫోన్ ముందు కూర్చుని పోట్లాడుకుంటున్నారు. నెట్ పెడితే ఫోన్ మోగదు, ఫోన్ మోగాలంటే నెట్ తీసేయాలి... అప్పట్లో రెండూ ఒకే లైను మీద నడిచేవి మరి.

"అన్నా, ఆ మబ్బుల బొమ్మలు చూసింది చాలు, తీసేయ్. బురైమి నుంచి మావోడు ఫోన్ చేస్తాడు" అని ఖాదర్ మామ.

"ఉపగ్రహం కంటే మీవాడికి ఎక్కువ తెలుసేంటయ్యా?" అని నాన్న.

ఇద్దరికీ వాతావరణం పిచ్చి. మాది కాకినాడ, పక్క ఫ్లాట్‌లో ఉండే ఖాదర్ మామది కడప. ఈ పిచ్చే ఇద్దర్నీ చుట్టాల్ని చేసింది. అక్కడ చలికాలం మబ్బు ముందు బురైమి వైపు కనిపిస్తుంది, తర్వాత ఇబ్రి, ఆపైన కొండలు... దారి పొడుగునా ఖాదర్ మామకు మనుషులున్నారు. మబ్బు ఊరు దాటగానే ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు.

ఆ వారం మాత్రం వింతగా ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. జెబెల్ షమ్స్ మీద మంచు పడుతుందట! ఒమాన్‌లో అన్నిటికంటే ఎత్తయిన కొండ అది. ఎప్పుడో ఒకసారి పైన పలచగా మంచు రాలుతుందని వినడమే గానీ, మాలో ఎవరూ చూసింది లేదు.

అసలు చిక్కంతా అమ్మది. అమ్మ హాస్పిటల్లో నర్సు. ఏటా క్రిస్మస్ చెట్టుకు దూది పింజలు అంటించి, ఇదే మంచు అనుకోండర్రా అనేది. నిజం మంచు చూడాలని ఆవిడకు చచ్చేంత ఆశ. ఆ శుక్రవారమేమో డ్యూటీ పడింది. తోటి మలయాళీ సిస్టర్‌ను బతిమాలితే ఆవిడ మార్చుకుంటానంది... కానీ బదులుగా క్రిస్మస్ రోజు తన డ్యూటీ అమ్మ చేయాలంది. అంటే ఆ రోజు ఆరాధన పోయినట్టే. మా చర్చి సంఘంలో క్రిస్మస్ మొదటి పాట ప్రతి ఏడూ అమ్మదే. కొత్త పాట కూడా అప్పటికే నేర్చుకుంది, పాపం. అయినా ఒప్పేసుకుంది.

"ఏవండోయ్, మంచు పడకపోతే మాత్రం మీ ఇద్దరి పని చెప్తాను" అంది. నవ్వుతూనే అంది గానీ, నాన్న నవ్వలేదు.

ఆ శుక్రవారం పొద్దున నాన్న చివరికి నెట్ తీశాడో లేదో, ఫోన్ మోగింది. "అక్కా, బురైమిలో వాన మొదలైందంట! లేయండి, లేయండి!" అని ఖాదర్ మామ ఒకటే కేక.

కంపెనీ పికప్ బండి ముందే అడిగి తెచ్చుకున్నాడాయన. మాకు స్వెటర్లు, మంకీ క్యాపులు ఇంట్లోనే తొడిగేశారు. కొండల కింద ఉండే నిజ్వా దాకా నాకూ తమ్ముడికీ చెమటలే చెమటలు...

నిజ్వా దాటాక చినుకులు మొదలయ్యాయి. కొంప మునిగింది అక్కడే. చినుకు పడితే మనవాళ్ళకు నోరూరుకుంటుందా! బండిలో గ్యాస్ స్టవ్వు ఉంది, మూకుడు ఉంది, అమ్మ తెచ్చిన శనగపిండీ మిరపకాయలూ ఉన్నాయి.

"మబ్బు కొండెక్కాలంటే ఇంకా గంట పడుతుంది. నాదీ పూచీ" అన్నాడు నాన్న.

ఒక దుకాణం ముందు రేకుల పందిరి కింద బజ్జీలు వేశారు. రెండో వాయి నూనెలో ఉండగా ఖాదర్ మామ మొబైల్ మోగింది. చేసింది ఆయన బావమరిది, కొండ మీద టెంట్ల క్యాంపులో వంటమనిషి. అతని అరుపు మా అందరికీ వినపడింది.

"బావా, యాడుండారు? ఈడ మంచు పడతాండాది!"

కాగుతున్న నూనె, మూకుడు, బజ్జీలు అన్నీ ఆ దుకాణం అతనికే అప్పగించి బండెక్కాం. మలుపుల మీద మలుపులు, మట్టి రోడ్డు...

పైకి చేరేసరికి ఎండ! నేల తడిగా ఉందంతే. మంచు పడటమూ అయిపోయింది, కరగడమూ అయిపోయింది. అమ్మ దిగి చుట్టూ చూసి, శాలువా బిగించుకుని, "పోనీలెండి" అంది. నాన్న ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది నాకు.

ఖాదర్ మామ మాత్రం చెప్పు పోగొట్టుకున్నవాడిలా ప్రతి బండ వెనకా వంగి వంగి వెతుకుతున్నాడు. కాసేపటికి, "అక్కా, బిరీన రా! ఈడ ఉండాది!" అని కేకేశాడు.

ఎండ తగలని బండ నీడన... తువ్వాలంత మేర, తెల్లగా. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తీసుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తర్వాత ఆ గుప్పెడు మంచు తీసుకెళ్ళి నాన్న చొక్కా కాలర్‌లో వేసింది! నాన్న గంతులు చూసి మేము పడీ పడీ నవ్వాం. ఆ తర్వాత అక్కడే నిలబడి, సంఘంలో పాడాల్సిన కొత్త పాట మొత్తం పాడింది. ఖాదర్ మామ టోపీ తీసి చేతిలో పట్టుకుని, కదలకుండా విన్నాడు.

క్రిస్మస్ రోజు అమ్మ డ్యూటీకి బయల్దేరుతుంటే నాకే దిగులేసింది. "బాధగా లేదా అమ్మా?" అన్నాను.

"క్రిస్మస్ ఏటా వస్తుందే పిచ్చిపిల్లా" అని నా బుగ్గ గిల్లి వెళ్ళిపోయింది.

నేనిప్పటికీ మస్కట్‌లోనే ఉంటున్నాను. మొన్న చలికాలం మబ్బు పుట్టకముందే ఫోన్ చెప్పేసింది... ఏ కొండ మీద, ఎన్నింటికి మంచు పడుతుందో కూడా. నేను హడావిడిగా స్వెటర్లు తీస్తుంటే, మా అమ్మాయి సోఫాలోంచి లేవకుండానే, "ఎందుకు మమ్మీ, వీడియో పెడతారుగా" అంది.

నిజమే... సాయంత్రానికల్లా వీడియో వచ్చింది. చాలా బాగుంది కూడా. చల్లగా మాత్రం లేదు.

మీ ఇళ్ళలోనూ ఇలా ఒక్క చూపు కోసం పండగనే వదిలేసుకున్నవాళ్ళు ఉన్నారా? ఉంటే కాస్త చెప్పండి... మా అమ్మాయికి చదివి వినిపిస్తాను.