ముగింపు గుర్తు లేని చరణం

ఈ ఉదయం ఆరాధనలో నేనొక తప్పు చేశాను. మూడో పాట రాగానే గోడ మీది తెర ఖాళీ అయిపోయింది. నోటికి వచ్చిన పెద్దవాళ్లు పాడుతూనే ఉన్నారు గాని, మిగిలినవాళ్లంతా ఒక్కొక్కరే ఆగిపోయారు. కంప్యూటర్ దగ్గర కూర్చునేది మా పక్కింటివారి కోడలు, స్కూల్లో లెక్కలు చెబుతుంది. సంఘమంతా వినేలా ఆమె మీద అరిచాను. “చేతకానప్పుడు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలమ్మా?” అన్నాను. ఆమె లేచి, బయటికి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి ఆ పాట ఫైలు తెరిస్తే తెలిసింది. నిన్న రెండో చరణంలో ఒక అక్షరం దిద్దింది నేనే, దిద్దుతూ చరణం చివరి గుర్తును చెరిపేసిందీ నేనే. మా సంఘం పాటలన్నీ కంప్యూటర్‌కు అర్థమయ్యే ఎక్స్ఎమ్ఎల్‌లో రాసిపెట్టాను. పల్లవి ఏదో చరణం ఏదో తెలిసేలా, ప్రతిదానికీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు. అలా ఒక్కసారి రాస్తే అదే ఫైలు తెరకీ, ఫోన్లకీ, అచ్చు పుస్తకానికీ పనికొస్తుంది. ఒక్క ముగింపు గుర్తు లేకపోతే మాత్రం మొత్తం పాటనే కంప్యూటర్ చదవదు.

ఇదంతా నాకు నేర్పింది రాజమండ్రిలో నా మొదటి ఉద్యోగంలో మా సీనియర్. అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసులో కూర్చుని మండపేట రైసు మిల్లులకు ప్రోగ్రాములు రాసేవాళ్లం. మిల్లులో తూకం చూసే ప్రోగ్రాము ఒకరు రాసింది, బిల్లులు వేసేది ఇంకొకరు రాసింది, ఒకదాని భాష ఇంకొకదానికి తెలియదు. ధాన్యం రకం, బస్తాలు, తేమ, ఇలా ఒక్కోదానికి పేరు తగిలించి మధ్యలో ఎక్స్ఎమ్ఎల్ ఫైలు పెడితే రెండూ కలిసి పనిచేసేవి. నేను తయారుచేసిన మొదటి ఫైలులో ఎక్కడో ఒక ముగింపు గుర్తు జారిపోయి, అవతలి ప్రోగ్రాము దాన్ని తీసుకోలేదు. ఒక్క గుర్తుకే ఇంత పట్టింపా అని నేను గొణిగితే అన్నయ్య నవ్వి, “మూతి కుట్టని బస్తాని లారీ ఎక్కిస్తారేంటయ్యా? దారంతా గింజలే!” అంటూ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, భోజనం కూడా మానుకుని, ఒక్కో వరసా నాచేతే వెతికించారు. మిల్లువాళ్లు ఫోన్ చేసి గోల చేస్తుంటే, “ఆలస్యం నాదేనండి” అని తానే మాట పడ్డారు. నా పేరు ఎత్తలేదు.

అన్నయ్య పోయి చాలా ఏళ్లయింది. మా ఆవిడా లేదు. నలుగురి గొంతులు నా చెవిన పడేది ఆదివారం ఒక్కటే, దాన్నే ఇలా పాడుచేసుకున్నాను. ఇప్పుడు తప్పు ఏ వరసలో ఉందో కంప్యూటరే ఎర్రగీత గీసి చూపిస్తుంది. క్షణంలో దొరికింది, దిద్దేశాను; దొరికిందని చెప్పుకోవడానికే పక్కన ఎవరూ లేరు.

ఎండ తగ్గాక పక్కింటికి వెళ్లి, తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమె గుమ్మంలోనే నిలబడి విన్నది. “తిట్టడం అందరి ముందూనూ, సారీ ఏమో మా గుమ్మంలోనా అంకుల్? నేనింక ఆ కుర్చీలో కూర్చోనండి” అంది.

సాయంత్రం కూటంలో, ఆమె కూడా వెనక వరసలో ఉండగా, పాటలకు ముందు, పొద్దున్న అరిచిన చోటే నిలబడి, ఫైలు పాడుచేసింది నేనని, ఆమెను నిందించడం అన్యాయమని అందరికీ చెప్పాను. కంప్యూటర్ దగ్గర కుర్చీ అలాగే ఖాళీగా వదిలి, వచ్చి బల్ల మీద కూర్చున్నాను. తెర మీద పల్లవి వెలిగేదాకా తల ఎత్తలేదు; ఎత్తి చూస్తే ఆ కుర్చీలో ఆమె ఉంది.