లింగమూర్తి చిన్నాయన కాలు అలిగిన రోజు

మా లింగమూర్తి చిన్నాయన మనుషుల్ని ఎన్నడూ తిట్టలేదు. వాళ్ళ కాళ్ళను, చేతులను, కడుపులను, గొంతులను తిట్టేవాడు. ఆయన లెక్కలో మనిషి యజమాని, దేహం జీతగాడు. అదీ పనిదొంగ జీతగాడు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా కోపమంతా ఆ జీతగాడి మీదే.

చలికాలం తెల్లవారక ముందే వాగులో దిగి నిలబడేవాడు. నీళ్ళ మీద మంచు పొగలా లేచేది. పండ్లు టకటకలాడేవి. "ఎవలు మోగియ్యమన్నరు మిమ్ముల? పెండ్లా గిక్కడ?" అని వాటి మీద విరుచుకుపడేవాడు. అవి ఇంకా మోగేవి, ఆయన ఇంకా తిట్టేవాడు. చివరికి ఒంట్లో వేడి పుట్టేది. అది వణుకు వల్లనో కోపం వల్లనో మాకెప్పుడూ తేలలేదు.

చాయ్ హోటల్ ఇబ్రాహీం మోకాలు వాచినప్పుడు చిన్నాయన దాని ముందు గొంతుక్కూచుని అరగంట కడిగేశాడు. ఇబ్రాహీం మహా సంబరపడ్డాడు. ఇంట్లో అందరూ తననే అంటున్నారట, ఈయనొక్కడే మోకాలిని అన్నాడట.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ మరుసటి ఎండాకాలం, ఇచ్చోడ దాటినాక డాంబరు రోడ్డు పని పడింది. చిన్నాయన డాంబరు కాచేవాడు, నేను పొయ్యిలోకి కట్టెలు ఎగదోసేవాణ్ణి. కింద మంట, పైన ఎండ. ఆకాశం కాలిన పెనంలా మా మీద బోర్లించి ఉండేది. వీపు మీద చెమట కాలువలు కడుతుంటే చిన్నాయన దాన్ని కూడా వదల్లేదు. ఎవరి సొమ్మని దాచుకుంటున్నావు, ఇంకా కారమని గద్దించేవాడు.

మేస్త్రీ దేవదాస్‌ది ఒకటే కట్టుబాటు. పని నడుస్తుండగా కూర్చున్నవాళ్ళు, పక్కకు పోయినవాళ్ళు మరునాడు రానక్కర్లేదు. మగవాళ్ళకేం, ఒంటికొస్తే అటు తిరిగితే చాలు. రోడ్డు కోసం చెట్లన్నీ కొట్టేశాక ఆడవాళ్ళకు నడుమెత్తు పొద కూడా మిగల్లేదు. అందుకని వాళ్ళు పొద్దుటి నుంచి నీళ్ళే ముట్టేవాళ్ళు కాదు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒక మధ్యాహ్నం చంద్రవ్వ కంకర తట్ట ఎత్తుకుని నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. ఒంటి మీద చెమట చుక్క లేదు. ముఖం కాల్చిన ఇటుకలా పొడిగా, ఎర్రగా ఉంది. అక్కడ లేని కోడినేదో అదిలిస్తున్నది. మేస్త్రీ అటే చూస్తున్నాడు. కూర్చుంటే ఆమె పని పోతుంది, నిలబడితే ప్రాణం పోతుంది.

చిన్నాయన వెళ్ళి రోడ్డు రోలర్ ముందు అడ్డంగా పడుకున్నాడు.

"గీ ఎడమకాలు పనిజెయ్యనంటున్నది. తొక్కియ్యుండ్రి దీన్ని" అన్నాడు. రోలర్ ఆగింది. రోలర్ ఆగితే పని ఆగినట్టే. పని ఆగినప్పుడు ఎవరు కూర్చున్నా తప్పు లేదు. బాలవ్వ, ఇంకో ఇద్దరు కూలి ఆడవాళ్ళు చంద్రవ్వను నీళ్ళ బండి నీడకు మోసుకుపోయి, తల మీద కుండలతో నీళ్ళు గుమ్మరించి, కొంగులతో విసిరారు.

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. "లెవ్వు లింగమూర్తీ, డాంబరు మాడుతున్నది."

"నేనెప్పుడో లేసిన దేవదాసూ. కాలే లేస్తలేదు. దాంతోని నువ్వే మాట్లాడు."

దేవదాస్ నిజంగానే కాలితో మాట్లాడాడు. మొదట బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. చిన్నాయన కాగిన కంకర మీద వెల్లకిలా పడి, బండి వైపు అరుస్తున్నాడు. "చంద్రవ్వ ఒంట్ల చెమటా, ఏడ సచ్చినవే? బయటికి రా."

చంద్రవ్వ కన్ను తెరిచి నీళ్ళడిగిందని బాలవ్వ కేకేసి చెప్పింది. అప్పుడు కాలు లేచింది. అది తన మాటే విన్నదని మేస్త్రీ చాలాకాలం చెప్పుకున్నాడు. చిన్నాయన వీపంతా బొబ్బలు. కంకర పరుపు మీద పండబెడితే ఈ వేషాలేమిటని వారం రోజులు వీపుతో మాట్లాడలేదు.

మరునాడు ఖాళీ డాంబరు డబ్బాలను చీల్చి, రేకులుగా సాగగొట్టి, రోడ్డుకు దూరంగా నిలువెత్తు దడి కట్టాడు. ఇదెవరికని మేస్త్రీ నిలదీశాడు.

"నాకే. గింత వయసొచ్చినంక గీ దేహానికి సిగ్గు పుట్టింది. ఏం జెయ్యాలె?"

"మరి ఆడోల్లెందుకు పోతున్నరు?"

"నా సిగ్గు అంటుకున్నట్టుంది. పోనియ్యి. అడ్డమొస్తే మల్లా నా కాలు అలుగుతది."

మేస్త్రీ ఆ కాలి వంక భయంగా చూసి వెళ్ళిపోయాడు. చిన్నాయన మాత్రం ఆ దడి వెనక్కి ఒక్కనాడూ పోలేదు. ఎప్పటిలాగే అటు తిరిగేవాడు.

నాలుగు రోజులకు చంద్రవ్వ పనిలోకి వచ్చింది. తట్ట పట్టకముందే నీళ్ళ బండి దగ్గర ముంత ఎత్తి గటగటా తాగుతున్నది. పొయ్యి దగ్గర నుంచి చిన్నాయన గర్జించాడు. "మెల్లగ తాగవే గొంతా, నీ నీళ్ళు ఎవలు గుంజుకుంటరు?"

చంద్రవ్వకు నవ్వాగలేదు. నీళ్ళు ముక్కులోకి పోయాయి.

ఇక ఆ ముక్కుకు మూడింది.